నానా బందూక్, దస్తూర్ నియ్యత్

పోయిన బక్రీద్‌కు చిన్న మంగళారంలో మా ఆపా ఇంట్లో ఖాందాన్ అంతా జమయ్యాం. హైదరాబాద్ నుంచి చేవెళ్ల రోడ్డు పట్టుకుని, ఆ ముసలి మర్రిచెట్ల నీడలో మొయినాబాద్ మీదుగా వస్తే మా ఊరు. పక్కనే పెద్ద మంగళారం. కొండా వెంకట రంగారెడ్డి గారు పుట్టిన ఊరు అది. మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

దస్తర్‌ఖాన్ ఎత్తేశాక చాయ్‌తో పాటు బహస్ మొదలైంది. మొదలుపెట్టింది మా భాంజా. టెక్సాస్‌లో ఉద్యోగం. నాలుగేళ్ళ తర్వాత ఇంటికొచ్చాడు.

"మామూ, అక్కడ బందూక్ అనేది హక్కు. దస్తూర్‌లోనే రాసుంది. ఇక్కడ అది సర్కార్ మెహర్బానీ. లైసెన్స్ ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. 1948లో మనవాళ్ళ ఇళ్ళల్లో బందూక్‌లు ఉండుంటే పోలీస్ యాక్షన్ అప్పుడు అంతమంది షహీద్ అయ్యేవాళ్ళా?"

నేను జవాబు వెతుక్కునేలోపే, తఖ్తు మీద కూర్చుని పాన్‌దాన్ సర్దుకుంటున్న మా అమ్మీ తల ఎత్తకుండానే అంది. "బందూక్ థీ బేటా. వోచ్ తో దే దియే."

ఉండేదిరా బిడ్డా, దాన్నే ఇచ్చేశాం అని. ఆ ఒక్క మాటతో గది సైలెంట్ అయిపోయింది. ఈ వ్యాసం ఆ మాట గురించే.

మా నానాది బీదర్ వైపు ఒక పల్లె. కొద్దిగా జొన్న చేను, రెండు ఎడ్లు, ఇంటి దూలానికి వేలాడే ఒక బర్మార్. బర్మార్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. గొట్టం మూతి లోంచి మందు పోసి, గుడ్డ పెట్టి, గజంతో దట్టించి, ఆ తర్వాత గుండ్లు వేసి పేల్చే తుపాకి. అడవిపందులు చేల మీద పడితే బెదిరించడానికి ఉంచుకున్నాడు. 1948 సెప్టెంబర్‌లో అమ్మీ ఎనిమిదేళ్ళ పిల్ల. నిజాం ఫౌజ్ లొంగిపోయిన కొద్ది రోజులకు ఊళ్ళో దండోరా వేశారు. ఆయుధాలు ఉన్నవాళ్ళు తెచ్చి చావిడి దగ్గర పెట్టాలని. దండోరా అందరికీ వినపడింది. తలుపు తట్టింది మాత్రం మా గల్లీలోనే. నానా బర్మార్ తీసుకెళ్ళి కత్తులు, బరిసెల కుప్ప మీద పెట్టి వచ్చాడు. రెండో రాత్రి గుంపు వచ్చింది. నానీనీ పిల్లల్నీ పక్క గల్లీ లింగాయత్ కుటుంబం మూడు రోజులు గడ్డివాములో దాచింది. నానా తమ్ముడు ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయన కబురు మళ్ళీ రాలేదు. రాత్రిళ్ళు నడుచుకుంటూ మిగిలినవాళ్ళు నానీ పుట్టిల్లు చిన్న మంగళారం చేరారు. మేం ఈ ఊరివాళ్ళం అయింది అలా.

భాంజా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "అదే కదా మామూ నేనంటున్నది. హక్కు దస్తూర్‌లో ఉంటే నానా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేకపోయేవాళ్ళు."

ఈ దలీల్ చిన్నది కాదు. కోపంతో కొట్టేస్తే పోయేదీ కాదు. అందుకే ఇంటికొచ్చాక తారీఖ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను.

హక్కు ఎవరికి రాశారు?

ముందు అమెరికా సంగతి. వాళ్ళ దస్తూర్‌కు రెండో సవరణ 1791లో వచ్చింది. ఇంగ్లీషులో మొత్తం 27 మాటలు. మొదటి సగం మిలీషియా గురించి, అంటే అవసరం వచ్చినప్పుడు ఆయుధాలు పట్టుకుని నిలబడే ఊరి జనం గురించి. రెండో సగం, ఆయుధాలు ఉంచుకునే, ధరించే జనం హక్కుకు భంగం కలగరాదని. ఈ రెండు సగాల మధ్య రిష్తా ఏమిటన్నదే రెండొందల ఏళ్ళ ఝగ్డా. మిలీషియా కోసమే హక్కా, లేక మిలీషియా ఉన్నా లేకున్నా ప్రతి మనిషికీ హక్కా?

2008లో హెల్లర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ప్రతి మనిషికీ హక్కే అని తేల్చింది. 5 మంది జడ్జీలు ఒకవైపు, 4గురు ఇంకోవైపు. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా పద్ధతి ఏమిటంటే, దస్తూర్ రాసిన నాటికి ఆ మాటలకు జనం ఏ అర్థం చెప్పుకున్నారో అదే ఈ రోజుకీ అర్థం. వింత ఏమిటంటే, ఒప్పుకోని జస్టిస్ స్టీవెన్స్ కూడా అదే తారీఖ్ తవ్వి, అదే కాలం కాగితాలు చూపించి, మిలీషియా కోసమే ఆ హక్కు అన్నాడు. ఒకే సందూక్ తెరిచిన ఇద్దరు ఆలిమ్‌లు రెండు ఫత్వాలతో బయటికొచ్చారు. 2022లో బ్రూయెన్ కేసులో కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఇవ్వాళ్టి ఏ బందూక్ కానూన్ అయినా పాత తారీఖ్‌లో దానిలాంటిది చూపిస్తేనే నిలుస్తుందంది. రెండేళ్ళకే, 2024లో రహీమీ కేసు వచ్చింది. ఆడవాళ్ళను కొట్టి కోర్టు నిషేధం తెచ్చుకున్నవాడి చేతిలో బందూక్ ఉండొచ్చా అన్నది సవాల్. 1791లో భార్యను కొట్టినందుకు బందూక్ లాక్కునే కానూన్ ఎక్కడిది? అయినా 8 మంది జడ్జీలు ఉండకూడదనే అన్నారు. అచ్చం అలాంటి పాత కానూన్ అక్కర్లేదు, దాని వెనక ఉసూల్ కలిస్తే చాలన్నారు.

మనకు ఈ బహస్ కొత్తేమీ కాదు. పదం పైకి ఏం చెబుతుందో అంతే పట్టుకోవాలన్న జాహిరీలు, వాళ్ళలో గొప్పవాడైన ఇబ్నె హజ్మ్, అందలూస్‌లో వెయ్యేళ్ళ కింద ఉన్నారు. హుకుం వెనకాల మఖ్సద్ చూడాలన్న ఇమామ్ షాతిబీ కూడా ఆ నేల మనిషే, 14వ శతాబ్దం వాడు. షరీఅత్ మఖాసిద్‌లో జాన్ హిఫాజత్ ఒకటని మన మద్రసా పిల్లవాడు కూడా చెబుతాడు. నియ్యత్ అడగకుండా అమల్ తూకం వేయడం మనకు అలవాటు లేని పని.

కాబట్టి నియ్యత్ అడుగుదాం. అయితే ఎవరి నియ్యత్?

అమెరికా హక్కుకు తాత ఇంగ్లాండ్‌లో ఉన్నాడు. 1689 నాటి బిల్ ఆఫ్ రైట్స్. అందులో ఆయుధాలు ఉంచుకునే హక్కు ప్రొటెస్టెంట్ రయ్యత్‌కు మాత్రమే ఇచ్చారు. అదీ వాళ్ళ వాళ్ళ హైసియత్ బట్టి, కానూన్ అనుమతించినంత వరకు. కాథలిక్కులకు లేదు. అంటే ఆ హక్కు పుట్టినప్పుడే దాని నుదుట ఒక మజ్హబ్ పేరు రాసుంది. అమెరికాలో 1857లో డ్రెడ్ స్కాట్ అనే నల్ల గులామ్ కేసు వచ్చింది. నల్లవాళ్ళు ఈ దేశం షహ్రీలు కాలేరని తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ టానీ, వాళ్ళను షహ్రీలుగా ఒప్పుకుంటే ఏమేం ఇవ్వాల్సి వస్తుందో భయపడుతూ లెక్క రాశాడు. ఆ లెక్కలో ఎక్కడికెళ్ళినా ఆయుధం తీసుకెళ్ళే హక్కు కూడా ఉంది. గులామీ రద్దయ్యాక దక్షిణాది రాష్ట్రాలు చేసిన బ్లాక్ కోడ్స్‌లో నల్లవాళ్ళు బందూక్ ఉంచుకోరాదన్న కానూన్‌లు కూడా ఉన్నాయి. దస్తూర్‌లో ఆ 27 మాటలు అప్పుడూ ఉన్నాయి. అవి వాళ్ళను కాపాడలేదు.

భాంజాకు మొదటి జవాబు ఇదే. హక్కు కాగితం మీద ఉండటం ఒకటి, ఆ కాగితంలోని "జనం" అన్న మాటలో మన పేరు ఉండటం ఇంకొకటి.

కరాచీలో అడిగింది, ఢిల్లీలో వద్దన్నది

ఇప్పుడు మన దేశం. 1878లో వైస్రాయ్ లిట్టన్ ఆర్మ్స్ యాక్ట్ తెచ్చాడు. హిందుస్తానీ చేతిలో ఆయుధం ఉండాలంటే లైసెన్స్ కావాలి. గోరాలకు మాఫీ. 1857 గదర్ చూసిన హుకూమత్ భయం అది. అప్పట్నుంచి ఆ కానూన్ మన పెద్దలకు ఇజ్జత్ మీద దెబ్బగా కనపడింది. ఒక కౌమ్ మొత్తాన్ని నిరాయుధం చేయడం అంగ్రేజ్‌లు చేసిన చెడ్డ పనులన్నిటిలోకి నల్లనిదని అన్నది ఎవరో తెలుసా? గాంధీజీ. 1918లో ఫౌజ్‌లో చేరమని గుజరాత్ పల్లెల్లో తిరుగుతున్నప్పుడు రాసిన కరపత్రంలో.

1928లో మోతీలాల్ నెహ్రూ కమిటీ తయారుచేసిన దస్తూర్ ముసాయిదాలో నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఇచ్చారు. 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలోనూ అది ఉంది. అంటే ఆజాదీ కోసం కొట్లాడిన రోజుల్లో బందూక్ హక్కు కాంగ్రెస్ మాటే.

ఆజాదీ వచ్చింది. 1948 డిసెంబర్ 1, 2 తేదీల్లో రాజ్యాంగ సభలో ముసాయిదా 13వ ఆర్టికల్ చర్చకొచ్చింది. ఇప్పటి 19వ ఆర్టికల్ అదే. మాట్లాడే హక్కు, సంఘం పెట్టుకునే హక్కు, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు. "ఆయుధాలు లేకుండా" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ లిస్టులో ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కు కూడా చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. కరాచీ తీర్మానాన్ని సభకు యాద్ చేశారు. మనం అంగ్రేజ్‌లను అడిగిందే మన జనానికి ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలి అన్నది ఆయన దలీల్.

డాక్టర్ అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయన జవాబు సారాంశం ఇది. పరాయి హుకూమత్ కింద ఆ డిమాండ్‌కు అర్థం ఉంది. ఇప్పుడు హాలత్ వేరు. దేశానికి ఆపద వస్తే ఆయుధం పట్టడం పౌరుడి హక్కు కన్నా ఫర్జ్ అనాలి. ప్రాథమిక హక్కు అని రాసేస్తే నేరాలు చేసి తిరిగేవాడికి కూడా అది దక్కుతుంది. ఎవడికి కావాలంటే వాడు బజారుకెళ్ళి ఆయుధాలు కొనుక్కోగలిగితే ఏ హుకూమత్ అయినా నడిచేదెలా? కామత్ సవరణ వీగిపోయింది.

కాబట్టి మన దస్తూర్ రాసినవాళ్ళ నియ్యత్ ఏమిటన్నదాంట్లో శక్ లేదు. అమెరికాలోలా రెండు సగాల మధ్య రిష్తా వెతుక్కునే అవసరం మనకు లేదు. అడిగారు, బహస్ చేశారు, వద్దనుకున్నారు. తహ్రీర్ ఉంది.

కానీ ఆ వారమే...

ఇక్కడే నా మనసు ఆగిపోయింది. 1948 డిసెంబర్ 1, 2. అప్పటికి పోలీస్ యాక్షన్ జరిగి రెండున్నర నెలలు. ఢిల్లీలో బందూక్ హక్కు మీద బహస్ నడుస్తున్న ఆ రోజుల్లోనే ముగ్గురు మనుషులు మన హైదరాబాద్ స్టేట్‌లో ఊరూరా తిరుగుతున్నారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. ఖాజీ సాబ్ మనకు పరాయివాడు కాదు, హైదరాబాద్‌లో 'పయామ్' పత్రిక నడిపినవాడు. ఇక్కడ ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ సర్కార్ పంపింది. నవంబర్ 29న వచ్చారు. డిసెంబర్ 21 దాకా ఉన్నారు. స్టేట్‌లోని 16 జిల్లాల్లో 9 తిరిగారు. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్నాలు, 23 పెద్ద పల్లెలు చూశారు. వెళ్ళలేకపోయిన మరో 109 పల్లెల నుంచి 500 మందికి పైగా మనుషుల గవాహీ తీసుకున్నారు.

వాళ్ళ రిపోర్ట్ ప్రకారం పోలీస్ యాక్షన్ సమయంలో, తర్వాత చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఇంకో సంగతి కూడా వాళ్ళు రాశారు. చాలా చోట్ల ముస్లింల ఆయుధాలు జప్తు అయ్యాయి, హిందువుల ఆయుధాలు తరచూ వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి.

అమ్మీ చెప్పింది నాకు యాద్ వచ్చింది. దండోరా అందరికీ, తలుపు తట్టింది మా గల్లీలోనే. ఆమె ఆ రిపోర్ట్ చదవలేదు. ఎలా చదువుతుంది? అది దశాబ్దాల పాటు బయటికే రాలేదు. 2013లో ఢిల్లీ నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో చూడొచ్చన్న ఖబర్ పేపర్లలో వచ్చింది.

ఆ రిపోర్ట్‌లో ఇంకో సగం కూడా ఉంది. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే అదీ చెప్పాలి. చాలా చోట్ల ఫౌజ్ ముస్లింలను కాపాడిందని రాశారు. ప్రాణాలకు తెగించి ముస్లిం పడోసీలను దాచిన హిందువుల సంగతీ రాశారు. మా నానీని గడ్డివాములో దాచిన లింగాయత్ తాతలాంటి వాళ్ళు. ఈ మంటకు ముందు రజాకార్ల జుల్మ్ ఉందనీ చెప్పారు. అది మనం దాచుకోవాల్సిన సంగతి కాదు. ఖాసిం రజ్వీ మనుషుల చేతుల్లో బందూక్‌లు ఉన్నాయి, వెనక హుకూమత్ ఉంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఏం జరిగింది? ఆ ఊరివాళ్ళు అంతకుముందు రజాకార్లను తరిమికొట్టారు. బురుజు మీద కాపలా కాశారు, వాళ్ళ దగ్గరా నాటు తుపాకులు ఉన్నాయి. నిజాం బలగాలు, రజాకార్లు కలిసి ఫిరంగులతో వచ్చాక బురుజు నిలవలేదు. పదుల కొద్దీ మనుషుల్ని కాల్చి చంపారు. దానికి కొద్ది రోజుల ముందే, అదే ఆగస్టులో, 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను రాత్రిపూట దారి కాచి నరికారు. ఆయన ముస్లిం. ఆయన చేతిలో ఉన్నది కలం. మన ఖాందాన్‌లలో షోయబుల్లా ఖాన్ పేరు మన పిల్లలకు ఎంతమంది చెప్పాం?

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. హుకూమత్ ఒక గుంపుకు బందూక్ ఇచ్చి ఇంకో గుంపును ఖాళీ చేతులతో వదిలేస్తే బైరాన్‌పల్లి అవుతుంది. ఒక గల్లీ బందూక్ తీసుకుని ఇంకో గల్లీది వదిలేస్తే మా నానా ఊరు అవుతుంది. మజ్లూమ్ పేరు మారుతుంది, తరీఖా అదే.

భాంజా అడిగిన సవాల్

సరే, నానా దగ్గర బర్మార్ ఉండిపోయి ఉంటే? ఇమాన్‌దారీగా ఆలోచించాను. బర్మార్ ఒకసారి పేల్చాక మళ్ళీ మందు పోసి, దట్టించి, గుండు వేసేసరికి మనిషి వంద అడుగులు పరుగెత్తి వచ్చేస్తాడు. ఎదురుగా వందల మంది. ఒకడు పడితే మిగిలినవాళ్ళ కోపం ఆ ఇంటి మీద రెట్టింపు. బైరాన్‌పల్లిలో బురుజు, కాపలా, నాటు తుపాకులు అన్నీ ఉండి కూడా నిలవలేదు. నానీని, అమ్మీని బతికించింది బందూక్ కాదు, గడ్డివాము. లింగాయత్ తాత నోరు విప్పకపోవడం.

అయితే ఇక్కడితో ఆగితే అది పిరికి జవాబు అవుతుంది. భాంజా దలీల్‌లో ఒక నిజం ఉంది. నానా దగ్గర తీసుకున్నది ఇనుప గొట్టం ఒక్కటే కాదు. తన జాన్-మాల్ తానే కాపాడుకునే ఇఖ్తియార్ తీసుకున్నారు. తీసుకున్నవాడి మీద ఒక బాకీ ఉంటుంది. మన జబాన్‌లో దాన్ని అమానత్ అంటాం. నీ ఆయుధం నేను తీసుకుంటున్నాను, నీ జాన్ ఇక నా జిమ్మేదారీ అని హుకూమత్ ఒప్పుకున్నట్టే. 1948 డిసెంబర్‌లో అంబేడ్కర్ చెప్పిన మాటకు రెండో సగం ఇదే అని నాకనిపిస్తుంది. ఆయుధాలు లేకుండా గుమిగూడమన్న దస్తూరే 14వ ఆర్టికల్‌లో కానూన్ ముందు అందరూ బరాబర్ అంది, 21వ ఆర్టికల్‌లో ప్రాణం, స్వేచ్ఛ కాపాడతానంది. మొదటి సగం గట్టిగా అమలు చేసి రెండో సగం మర్చిపోతే అది మోసం. సగం ముఆహిదా.

ఇంకో మాట. ఆ రెండు రోజుల బహస్‌లో హైదరాబాద్ నుంచి ఒక్క మెంబర్ కూడా లేడు. నిజాం ఫర్మానాతో మన స్టేట్ ఆ దస్తూర్‌ను ఒప్పుకున్నది 1949 నవంబర్‌లో. అసలు నియ్యత్, అసలు నియ్యత్ అని ఎవరైనా గట్టిగా అన్నప్పుడల్లా నేను అడిగేది ఇదే. ఆ కమరాలో కూర్చోనివాళ్ళ నియ్యత్ ఎక్కడ రాసుంది?

నియ్యత్ పేరుతో ఖేల్

మన సుప్రీంకోర్టు ఈ విషయంలో అమెరికా దారిన పోలేదు. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో 21వ ఆర్టికల్‌కు ఇరుకు అర్థం చెప్పింది. దస్తూర్ రాసినవాళ్ళు "డ్యూ ప్రాసెస్" అన్న మాట వద్దనుకుని "చట్టం నిర్ణయించిన పద్ధతి" అని రాశారు కాబట్టి పార్లమెంట్ చేసిన పద్ధతి ఏదైనా సరిపోతుందంది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ తలుపు తెరుచుకుంది. పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా ఉండాలంది. 2017లో పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. దస్తూర్‌ను అది రాసిన రోజు దగ్గరే గడ్డకట్టించలేమని ఆ తీర్పు చెబుతోంది.

అదే తర్కంతో బందూక్‌ను 21వ ఆర్టికల్‌లోకి తెచ్చే కోషిష్ కూడా జరిగింది. 1993లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పులో ఆయుధం ఉంచుకోవడం జాన్ కాపాడుకునే హక్కులో భాగమంది. ఆ మాట నిలవలేదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక బెయిల్ కేసులో, అమెరికాలోలా ఇక్కడ బందూక్ రాజ్యాంగ హక్కు కాదని, లైసెన్స్ లేని ఆయుధాలు పెరగడం ఆందోళనకరమని మళ్ళీ చెప్పింది.

ఈ నియ్యత్ బహస్ మనకెందుకు అనుకోకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. మన దళిత ముస్లింలు, ఇంకా దళిత క్రైస్తవులు అడిగితే మాత్రం అసలు ఉద్దేశం అది కాదు అంటారు. రెండుసార్లు జరిగిన అసలు ఉద్దేశం మూడోసారికి రాయిలా ఎలా మారింది? కొందరికి నియ్యత్ నీళ్ళలా పారుతుంది, కొందరికి గోడలా నిలబడుతుంది. అందుకే దస్తూర్ తారీఖ్ మన పిల్లలు చదవాలంటాను. వాట్సాప్‌లో కాదు, అసలు బహస్‌లు చదవాలి.

ఇప్పుడున్న కానూన్ సంగతి కూడా తెలుసుకోండి. 1959 ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్, లేని చోట జిల్లా మేజిస్ట్రేట్ లైసెన్స్ ఇస్తారు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు బందూక్‌లకు మించి ఉండకూడదు. పంట కాపాడుకోవడానికి, ఆత్మరక్షణకు, ఆటకు లైసెన్స్ ఇచ్చే వీలు అందులో ఉంది. మూతి లోంచి మందు పోసే తుపాకి పంట రక్షణకు అని ప్రత్యేకంగా రాశారు. అంటే నానా బర్మార్ పేరు లేకుండా ఆ కానూన్‌లో ఉన్నట్టే. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ కాదనకూడదని కూడా రాశారు. 1689లో హైసియత్ బట్టి అన్న మాటకు, ఈ మాటకు ఎంత ఫాసలా! కాగితం మంచిదే. కాగితం అందరి గల్లీలో ఒకేలా నడుస్తుందా అన్నదే చూసుకోవాలి.

భాంజాకు ఇంకొకటి గుర్తుచేశాను. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేత్‌లో, హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక తెలుగు ఇంజనీర్‌ను బార్‌లో కాల్చి చంపారు. కాల్చినవాడు నా దేశం నుంచి పొండి అని అరిచాడు. పేరు అడగలేదు, మజ్హబ్ అడగలేదు, చర్మం రంగు చూశాడు. ఆ కుర్రాడు హిందువు. కాల్చినవాడి కళ్ళకు అతను ఎవరైనా కావచ్చు, నువ్వు కూడా కావచ్చు. ఆ రోజు అడ్డుపడి బుల్లెట్ తిన్న గోరా అబ్బాయి చేతిలో ఆయుధం లేదు. అక్కడా ఒక లింగాయత్ తాత ఉన్నాడు.

భాంజా వాదన పూర్తిగా మార్చుకున్నాడని చెప్పను. "బాకీ అన్నావు కదా మామూ, వసూల్ ఎవరు చేయాలి?" అన్నాడు వెళ్ళేముందు. మంచి సవాలే. కోర్టులో, ఓటులో, పడోసీతో రిష్తాలో, తారీఖ్ రాసుకోవడంలో, ఇన్నిచోట్ల వసూల్ చేసుకోవాలి. ఒక్క బందూక్‌తో తీరే బాకీ కాదు.

మరుసటి రోజు ఫజర్ తర్వాత అమ్మీ దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లో ఊరి పేరు, గల్లీ, ఆ లింగాయత్ తాత ఇంటి పేరు, నానా తమ్ముడి పేరు అన్నీ రాసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదో నాకే తెలియదు. అన్నీ చెప్పాక అంది. "రసీద్ భీ నై దియే." బర్మార్ తీసుకున్నందుకు రసీదు కూడా ఇవ్వలేదని. డెబ్భై ఏళ్ళకు పైగా ఆ చిన్న మాట మనసులో పెట్టుకుంది.

మీ ఇళ్ళల్లో 1948 చూసిన దాదా, దాదీ, నానా, నానీ ఎవరైనా హయాత్‌లో ఉంటే ఈ జుమ్మాకే అడగండి. మంచి చెప్పినా, చెడు చెప్పినా, మనవాళ్ళు చేసిన తప్పు చెప్పినా అలాగే రాయండి. దాచినవాళ్ళ పేరు, నరికినవాళ్ళ పేరు రెండూ రాయండి. అల్లాహ్ వాళ్ళ ఉమ్ర్ పెంచుగాక. కానీ మనం ఆలస్యం చేయొద్దు.

ఖుదా హాఫిజ్.